మైలవరం మెట్ట ప్రాంతము

మైలవరం, ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములోని ఎన్టీఆర్ జిల్లాకు చెందిన ఒక మండల కేంద్రము. ఇది 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనకు ముందు కృష్ణా జిల్లాలో ఉండేది. విజయవాడ నుండి సుమారు 40 కి.మీ. దూరములో, ఇబ్రహీంపట్నం - తిరువూరు మార్గముపై ఉన్నది. కృష్ణా జిల్లా అనగానే కాలువలు, వరిచేలు గుర్తుకు వచ్చినా, డెల్టాకు ఎగువన ఉన్న ఈ ప్రాంతము కొండలు, వాగులు, మామిడితోటలు కలిగిన మెట్టభూమి.

చరిత్ర

మైలవరానికి దక్షిణమున ఉన్న కొండపల్లి కోట 14వ శతాబ్దములో రెడ్డిరాజుల కాలము నాటిది. తరువాత గజపతులు, శ్రీకృష్ణదేవరాయలు, కుతుబ్ షాహీలు దీనిని ఏలారు. 1766లో ఆంగ్లేయుల వశమైనది. మైలవరం ఒక జమీందారీ కేంద్రము. ఇక్కడి జమీందారుల పోషణలో 20వ శతాబ్దము తొలి దశకాలలో మైలవరం నాటక సమాజము పేరు పొందినది.

1855లో బెజవాడ వద్ద కృష్ణానదిపై ఆనకట్ట పూర్తి కాగా, దిగువ భూములు మాగాణులైనవి. ఆనకట్టకు ఎగువన, ఎత్తున ఉన్న మైలవరం భూములకు ఆ నీరు అందలేదు. అందుచేత ఇక్కడి సేద్యము చెరువులు, బావులు, వానలపై ఆధారపడి సాగినది.

అడవి, బొమ్మలు

కొండపల్లి అడవి ఆకురాల్చు జాతి అడవి. ఇందులో పెరిగే తెల్లపొణికి చెట్టు కర్ర చాలా తేలికైనది, మెత్తనిది. దీనితోనే కొండపల్లి బొమ్మలు చేస్తారు. విడిభాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి రంగులు వేస్తారు. అడవిలో ఈ చెట్లు తగ్గిపోవుటతో కర్ర దొరకడము కళాకారులకు కష్టమైనది. మొక్కలు నాటి పెంచే ప్రయత్నాలు జరిగినవి.

మామిడి, రుచులు

మైలవరం, రెడ్డిగూడెం, విస్సన్నపేట, ఆగిరిపల్లి, నూజివీడు ప్రాంతాల తోటలలో బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరు (తోతాపురి) రకాలు పండుతాయి. బంగినపల్లిని కోసుకొని తింటారు. రసాలను చేతితో మెత్తగా నొక్కి, ముచ్చిక తీసి జుర్రుకుంటారు.

వేసవిలో పుల్లని కాయలను టెంకతో సహా ముక్కలు కొట్టి, ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి ఆవకాయ పెడతారు. చెక్కు తీసిన ముక్కలను ఉప్పు, పసుపుతో ఊరవేసి, పిండి ఎండబెట్టి, తిరిగి ఆ ఊటలోనే కలిపితే మాగాయ అవుతుంది. పండ్ల రసమును చాపలపై పొరలు పొరలుగా ఆరబెట్టి తాండ్ర చేస్తారు.

పూత సమయములో మంచు, తేనెమంచు పురుగు, తామరపురుగు, కాయ దశలో ఈదురుగాలులు పంటను దెబ్బతీస్తాయి. ఏడాదికి ఒకే కాపు కాబట్టి ఆ నష్టము రైతుకు మరుసటి ఏడాది వరకు తీరదు.

బుడమేరు

మైలవరం పరిసరాల కొండలలో పుట్టిన బుడమేరు విజయవాడ పక్కగా ప్రవహించి కొల్లేరు సరస్సులో కలుస్తుంది. వరద వచ్చినపుడు వెలగలేరు రెగ్యులేటరు వద్ద నీటిని మళ్ళింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానదిలోకి పంపుతారు. 2024 ఆగష్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన భారీ వర్షాలకు ఈ కాలువకు మూడు గండ్లు పడినవి. అదే సమయములో కృష్ణానది కూడా ఉప్పొంగినది. సింగ్‌నగర్ మొదలైన పల్లపు ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయినవి. సైన్యము సహాయముతో సెప్టెంబరు 7న గండ్లను పూడ్చారు.

వేసవిలో సన్నని వాగుగా కనిపించే బుడమేరు, కొండలపై ఒక్కసారిగా కురిసిన వానకు కొన్ని గంటలలోనే పొంగుతుంది. కొండవాలులపై చెట్లు, మట్టి ఉంటే వాననీరు కొంత ఇంకి, తక్కినది నెమ్మదిగా దిగుతుంది. చెరువులు మరికొంత ఆపుతాయి. అందుచేత ఈ మెట్టలోని అడవిని, చెరువులను కాపాడుట ఇక్కడి తోటలకు, బొమ్మల కళకే కాక దిగువనున్న నగరానికి కూడా అవసరము.