వరద తాగిన గిటారు

2009 అక్టోబర్ మొదటి వారం. ఒకవైపు నుంచి తుంగభద్ర, ఇంకోవైపు నుంచి హంద్రీ కర్నూలు మీద పడ్డాయి. మా ఇల్లు పాతబస్తీలో. నీళ్లు గడప దాటాయని చూసేలోపే మంచాలు తేలాయి. అమ్మను, పిల్లలను పట్టుకుని మిద్దె ఎక్కాం. అన్న బియ్యం మూట మోస్తూ నాతో ఒకే మాట అన్నాడు. ‘‘గోడకున్న గిటారు తీసుకురా రా!’’ నేను టీవీ ఎత్తుకొచ్చాను. అప్పుడు టీవీయే విలువైనదనిపించింది. మళ్లీ కిందికి దిగుదామంటే నీళ్లు నడుము దాటాయి.

వరద తీశాక బురదలో బోర్లా పడి కనిపించిందది. అన్న ఏమీ అనలేదు. కొళాయి కింద కడిగి, పాత దుప్పట్లో చుట్టి అటకెక్కించాడు. పెళ్లిళ్లలో పాటలు పాడే ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించే మనిషి ఆయన. ఆంప్లిఫైయర్ కూడా మునిగిపోయింది. కొత్తవి కొనే స్తోమత లేదు. సిమెంటు అంగట్లో లెక్కలు రాసే పనికి కుదిరాడు. మళ్లీ గిటారు ముట్టలేదు. తిట్టుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదేమో!

రెండేళ్ల కిందట వేసవి సెలవుల్లో అటక దులుపుతుంటే ఆ దుప్పటి మూట చేతికి తగిలింది. నేను బడి పంతుల్ని. లెక్కలు చెప్పడం తప్ప చేతిపని తెలీదు. మేకు కొడితే వేలికి తగిలే బాపతు. అయినా అన్నకు చెప్పకుండా దాన్ని బాగుచేయాలని కూర్చున్నాను. ఒక్క నెల పడుతుందనుకున్నా. పది నెలలు పట్టింది.

పొరలు విడిన కట్టె

మొదట విప్పడం. ప్రతి స్క్రూ తీసేముందు ఫోన్లో ఫొటో తీసుకున్నాను. తీసినవి కలిసిపోకుండా ఇడ్లీ ప్లేట్ల గుంటల్లో వేసి, ఏ గుంటలోది ఎక్కడిదో కాగితం మీద రాసుకున్నాను. రెండు రోజులు ఇంట్లో ఇడ్లీ లేదు. మా ఆవిడ ఏమందో ఇక్కడ రాయను.

పాత రంగు గీకేసరికి అసలు సంగతి బయటపడింది. గిటారు ఒళ్లంతా ప్లైవుడ్. తడిసి ఆరిన పుస్తకంలా పొరలు విడిపోయి ఉబ్బింది. మా వీధి ఆచారి దగ్గరికి తీసుకుపోయాను. వేలితో తట్టి చూశాడు.

‘‘ఇది కట్టె కాదు సార్, పొరలు. నీళ్లు తాగేసినాది. దీనికింక మందు ల్యా.’’ మెడను మాత్రం కంటి దగ్గర పెట్టుకుని, తుపాకీ గురి చూసినట్టు చూశాడు. ‘‘ఇది గట్టి కట్టె. వంకర పోల్యా. పనికొస్తాది.’’

మెడ మేపుల్ కట్టెది. లోపల పొడవునా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. ఆరు తీగలూ కలిసి 40 కిలోల బరువుకు పైనే లాగుతుంటాయి. ఆ లాగుడుకు మెడ విల్లులా వంగకుండా ఈ కడ్డీని బిగించి సరిచేస్తారు. అలా బాగుచేద్దామనుకున్న పని కాస్తా సగం గిటారును కొత్తగా తయారుచేసే పనైంది. మెడ పాతది, ఒళ్లు కొత్తది.

‘‘ఏం కట్టె పెడదాం సార్? ఎర్రచందనమా?’’ అని నవ్వాడు ఆచారి. జోకే అయినా అందులో విషయముంది. ఎర్రచందనం సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ కొసలోనే. కడప కొండలు దానికి పుట్టిల్లు. జపానువాళ్ల మూడు తీగల వాయిద్యం షామిసెన్ ఉంది కదా, మేలైన షామిసెన్ మెడలకు వాడేది ఈ కట్టెనే. మన కొండల కట్టె అక్కడ పాడుతుంది. ఇక్కడ మాత్రం ముట్టుకుంటే కేసు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపార ఆంక్షల జాబితాలోనూ ఉంది. నరికివేత చూస్తే ఆ కట్టడి అవసరమే అనిపిస్తుంది.

మన బొబ్బిలి వీణకు పనస కట్టె వాడతారు. వీణ లోపలి బోలు నుంచే నాదం రావాలి కాబట్టి కట్టె ఎంపిక అక్కడ ప్రాణం. మా గిటారు రకంలో బోలు ఉండదు, నిండు చెక్క. తీగ కదలికను అయస్కాంతం పట్టుకుంటుంది. కాబట్టి ఎండిన, గట్టి చెక్క ఏదైనా నడుస్తుంది. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయాన్ మే పదహారేళ్ల వయసులో, 1963లో, తండ్రితో కలిసి ఇంట్లోనే గిటారు చేసుకోవడం మొదలుపెట్టాడు. దాని మెడకు వాడింది పాత చలిమంట గూటి చట్రం కట్టె. దానితోనే ప్రపంచమంతా కచేరీలు చేశాడు.

మాకు చలిమంట గూళ్లెక్కడివి? కడపలో మా అత్తగారి పాత ఇల్లు పడగొడుతుంటే టేకు తలుపు ఒకటి దొరికింది. ఎన్నో ఎండాకాలాలు చూసిన కట్టె. ఇంక ఎండటానికేమీ మిగల్లేదు. పలక మందం చాలక రెండు అతికించి 45 మిల్లీమీటర్లకు చిత్రిక పట్టించాం. టేకులో నూనె ఉంటుంది. అతికించే ముందు థిన్నర్‌తో తుడవకపోతే జిగురు పట్టదని ఆచారి చెప్పాడు.

17.817 అనే అంకె

గిటారు మెడ మీద అడ్డంగా ఉండే మెట్లు ఇష్టమొచ్చినట్టు పెట్టినవి కావు. లెక్కల పంతులుగా నాకు బాగా నచ్చిన భాగమిదే. తీగ మొత్తం పొడవు 648 మిల్లీమీటర్లనుకోండి. దాన్ని 17.817తో భాగిస్తే 36.37. మొదటి మెట్టు అక్కడ. మిగిలిన పొడవును మళ్లీ 17.817తో భాగిస్తే రెండో మెట్టు. ఇలా పోతే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 324 దగ్గర పడుతుంది. అక్కడ నొక్కితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలతో ఈ లెక్క చేయించాను. ఎప్పుడూ నిద్రపోయే వెనక బెంచీ ఆ రోజు నిద్రపోలేదు.

లెక్క వచ్చినంత మాత్రాన చెయ్యి వస్తుందా? పన్నెండో మెట్టు నుంచి మరో 324 కొలిచి బ్రిడ్జి పలక ముందు అంచు పెట్టి రంధ్రాలు వేసేశాను. తీగ ఆనేది ముందు అంచు మీద కాదు, దాని వెనక ఉండే చిన్న దిమ్మెల మీద. దాంతో పన్నెండో మెట్టులో స్వరం కాస్త కిందికి పలికింది. వేసిన రంధ్రాల్లో టేకు పుల్లలు కొట్టి, పూడ్చి, మళ్లీ వేయాల్సి వచ్చింది. ఆ మచ్చలు ఇప్పటికీ బ్రిడ్జి కింద ఉన్నాయి.

తుప్పు పట్టిన మెట్లు ఎత్తుపల్లాలు లేకుండా ఒకే మట్టానికి రావాలి. దానికి విదేశాల్లో ఖరీదైన ఇనుప పట్టీలు అమ్ముతారు. నాకు కడప బండ దొరికింది. గచ్చు అంచులకు వాడే నున్నటి నల్లబండ ముక్క, రెండున్నర అంగుళాల వెడల్పు, అడుగున్నర పొడవు. ఇనుప స్కేలు నిలబెట్టి చూసి, వెలుతురు దూరని ముక్కను ఏరుకున్నాను. దానికి ఎమరీ పేపర్ అతికించి మెట్ల మీద మెల్లగా నడిపాను. బరువు దానికే ఉంది, మనం నొక్కక్కర్లేదు.

ఇంకో సంగతి. మన ఎండలకు కట్టె ముడుచుకుంటుంది, మెట్ల లోహం ముడుచుకోదు. అందుకే ఏప్రిల్ వచ్చేసరికి మెట్ల కొసలు బయటికి పొడుచుకొచ్చి చెయ్యి గీరుకుంటుంది. గిటారు పాడైందని భయపడక్కర్లేదు. సన్నటి ఆకురాయితో కొసలు గుండ్రం చేస్తే చాలు.

బోరు మోటారు అన్నదమ్ముడు

తీగల కింద ఉండే పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుక లాంటి రాగి తీగ. వరద నీళ్లకు ఆ రాగి తెగిపోయింది. మళ్లీ చుట్టాలి, దాదాపు 8 వేల చుట్లు. ఎవరు చుడతారు? మన రాయలసీమలో వీధికో బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉండగా దిగులెందుకు?

భాయ్ పికప్‌ను తిప్పి చూసి, ‘‘ఇంతేనా సార్? మోటారులో కరెంటిస్తే తిరుగుతాది. దీన్లో తీగ ఆడితే కరెంటొస్తాది. ఉల్టా. అంతే గదా!’’ అన్నాడు. పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు పట్టే ఫారడే సూత్రం అది.

తీగ కొనడంలో తప్పు నాది. ఎక్కడో చదివి ‘42 గేజ్ ఇవ్వు భాయ్’ అన్నాను. 3 వేల చుట్లకే బాబిన్ నిండిపోయింది. మీటరు పెడితే వెయ్యి ఓములు కూడా రాలేదు. ఆరు వేలైనా రావాలి. చివరికి తెలిసిందేమంటే, నేను చదివింది అమెరికా గేజ్. మన అంగళ్లలో అమ్మేది బ్రిటిష్ గేజ్. అమెరికా 42 అంటే 0.063 మిల్లీమీటర్లు. మన 42 అంటే 0.1 మిల్లీమీటర్. మనం అడగాల్సింది 46. ఈ పని మొదలుపెట్టేవాళ్లు ఇది ఒక్కటి గుర్తుంచుకున్నా డబ్బులు మిగులుతాయి. రెండోసారి 46 గేజ్ తెప్పించి, చేతి మిషన్ మీద ఓపిగ్గా తిప్పాడు భాయ్. రెండుసార్లు తెగింది. మూడోసారికి నిలిచింది.

ఎలక్ట్రిక్ గిటారును ఇంటింటికీ చేర్చిన లియో ఫెండర్ కూడా రేడియోలు బాగుచేసే మనిషే. 1950ల మొదట్లో టెలికాస్టర్, 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. ఆ మాట చెబితే భాయ్ ముఖం వెలిగిపోయింది.

కళ్లాపి చల్లి రంగు

ఆ ఫెండర్ గిటార్లకు ఒకప్పుడు వేసింది కార్ల రంగులే. కాబట్టి నేను కారు పెయింటింగ్ షెడ్డుకే పోయాను. అప్పటికే ఇంట్లో ఒకసారి చెడగొట్టుకున్నాను. మే నెల మిట్టమధ్యాహ్నం మిద్దె మీద లక్కర్ స్ప్రే చేశాను. గన్నులోంచి బయటికొచ్చిన లక్కర్ చెక్కను చేరేలోపే ఆరిపోయి ఇసుక రాల్చినట్టు గరుకుగా కూర్చుంది. దానికి తోడు గాలి దుమ్ము.

పెయింటర్ మామ తల పట్టుకున్నాడు. ‘‘మన ఎండకు మధ్యానం కొడతారాప్పా? తెల్లారి ఆరుకు కొట్టు. నిదానంగా ఆరే థిన్నర్ కలుపు. కొట్టే ముందర కింద నీళ్లు సల్లు, దుమ్ము లేవదు.’’ ఇంటి ముందు కళ్లాపి చల్లినట్టే. వానాకాలంలో అయితే ఇంకో తంటా. గాలిలో తేమకు లక్కర్ తెల్లగా పాలిపోతుంది.

ఆయన చెప్పినట్టే పలుచగా పూత మీద పూత పది వేశాను. మూడు వారాలు ఆరనిచ్చి, నీళ్లతో తడిపిన ఎమరీ 800 నుంచి 2000 దాకా పట్టించాను. రంగు కలపలేదు. తలుపు మీద గొళ్లెం తగిలి పడిన అరచంద్రం గీత అలాగే కనిపించాలనుకున్నాను.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. థిన్నర్ ఆవిరి, టేకు పొడి రెండూ ఊపిరితిత్తులకు మంచివి కావు. ముక్కుకు చేతిరుమాలు చాలదు, సరైన మాస్కు ఉండాలి. తలుపులన్నీ తీసుండాలి, దగ్గర్లో పొయ్యి వెలగకూడదు. విడిభాగాలకు, తీగలకు, లక్కర్‌కు నాకు ఆరు వేల చిల్లర ఖర్చయింది. చెడగొట్టుకున్నదీ అందులోనే ఉంది.

టీవీ యాడుందిరా?

తీగలు బిగించి, అప్పు తెచ్చిన చిన్న ఆంప్లిఫైయర్‌కు తగిలిస్తే గుయ్యిమని రొద. తీగ మీద చెయ్యి వేసినా ఆగడం లేదు. బ్రిడ్జికి కలపాల్సిన ఎర్తు తీగ మర్చిపోయాను. అది కలిపాక తీగ మీద చెయ్యి వేస్తే నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక తీగ మీటాను. ఇంట్లో అందరూ వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

ఆదివారం అన్నను భోజనానికి పిలిచాను. గిటారును పాత మేకుకే తగిలించాను. చేయి కడుక్కుని వస్తూ చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ‘‘ఆ టీవీ యాడుందిరా ఇప్పుడు?’’ అన్నాడు.

‘‘ఆ ఏడే పోయింది. పాత సామాన్లోడికి ఏసినా.’’

నవ్వాడు. పదిహేనేళ్ల తర్వాత ఆ మాట మా మధ్యకొచ్చింది. ఒళ్లో పెట్టుకుని ఏదో పల్లవి మొదలుపెట్టి సగంలో ఆపాడు. వేళ్ల కొసలు మెత్తబడిపోయాయి, నొప్పి. ‘‘తీగలు శానా పైన పెట్టినావు. ఇట్లుంటే ఎవుడు నొక్కుతాడు? స్క్రూడ్రైవర్ ఇయ్యి.’’ అరగంట కూర్చుని ఒక్కో తీగ కిందికి దించాడు. నేను పది నెలల్లో పట్టుకోలేని తేడా ఆయన చెవి అరగంటలో పట్టింది.

తీసుకెళ్లమంటే వద్దన్నాడు. ‘‘ఈడనే ఉండనీ’’ అని వెళ్లిపోయాడు. మనసు చివుక్కుమంది. పై ఆదివారం పిలవకుండానే వచ్చాడు. జేబులో కొత్త తీగల ప్యాకెట్ ఉంది.

కర్నూలులో గిటార్లు చేసేవాళ్లు లేరని అనుకునేవాణ్ని. ఆచారి ఉన్నాడు, భాయ్ ఉన్నాడు, పెయింటర్ మామ ఉన్నాడు, కడప బండ ఉంది. వాళ్లు చేసేది గిటారని ఎవరూ వాళ్లకు చెప్పలేదు, అంతే. ఇప్పుడు అత్తగారింటి రెండో తలుపు కూడా మా మిద్దె మీదే ఉంది. ఈసారి మెడ కూడా నేనే చేయాలి. కొలతలు అన్న చూస్తానన్నాడు.