తెల్ల కణాలు ఎక్కువని కాగితం వచ్చినప్పుడు

మన పాల సంఘాల సభ్యులకు పరీక్ష అంకెలు కొత్త కాదు. ఫ్యాట్ ఎంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత అని పూటపూటా చూసుకొనువారే. అయితే దవాఖాన నుండి రక్త పరీక్ష కాగితం వచ్చినప్పుడు మాత్రం కొందరు అంకె చూసి బెదరిపోవుట, మరికొందరు కాగితాన్ని పెట్టె అడుగున దాచుట జరుగుచున్నది. చందుర్తి వైపు సంఘాల తనిఖీలో ఈ ప్రస్తావన మా ముందుకు వచ్చినందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

తెల్ల కణాలు శరీరానికి కాపలాదారులు. పెద్దవారిలో ఒక ఘన మిల్లీమీటరు రక్తంలో ఇవి సుమారు 4,000 నుండి 11,000 వరకు ఉండును. కాగితం మీద టి.ఎల్.సి. అనో, డబ్ల్యు.బి.సి. అనో వ్రాసి ఉండును. చీము గడ్డ, న్యుమోనియా వంటివి వచ్చినప్పుడు 15,000, 20,000 కు పెరుగుట సహజం. స్టెరాయిడ్ మందులు, బీడీ, చుట్ట కూడా కొంత పెంచును.

ఇది మనకు పొదుగు దగ్గర తెలిసిన సంగతే. ఆరోగ్యంగా ఉన్న ఆవు పాలలో మిల్లీలీటరుకు రెండు లక్షల లోపు కణాలుండును. పొదుగువాపు వచ్చిన చన్ను పాలలో అవి అనేక లక్షలకు పోవును. అందులో ఎక్కువ భాగం క్రిములతో పోరాడ వచ్చిన తెల్ల కణాలే. పరీక్ష ద్రావకం కలిపినప్పుడు పాలు జిగురుగా సాగుట అందుకే. వాపు తగ్గితే కణాలూ తగ్గును. మనిషి రక్తంలోనూ అంతే. జబ్బు నయమైన రెండు మూడు వారాలకు మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె దిగవలెను. ఒక్క శాంపిలుతో బర్రెను తప్పు పట్టము గదా, ఒక్క కాగితంతో మనిషికి క్యాన్సర్ అనరాదు.

దిగకపోతే? జ్వరం లేదు, పుండు లేదు, అయినా 50,000 దాటింది, లక్ష దాటింది. అనగా శత్రువు లేకుండానే ఎముకల లోపలి మూలుగ కణాలను తయారు చేయుచున్నదన్నమాట. ఇది దీర్ఘకాలిక రక్త క్యాన్సర్ కావచ్చును. నెమ్మదిగా పెరుగును గనుక చాలామందికి మొదట ఏ బాధా తెలియదు. కొందరికి అలసట, బరువు తగ్గుట, రాత్రి చెమటలు, ఎడమ డొక్కలో బరువు ఉండును. ఈ చివరి దానినే పెద్దలు బల్ల పెరిగిందందురు. ఆయాసం, చూపు మసకబారుట, రక్తస్రావం ఉంటే ఆ రోజే దవాఖానకు పోవలెను.

ఇందులో లింఫాయిడ్ రకం ఎక్కువగా వయసు మళ్లినవారికి వచ్చును. మెడ, చంకలలో బిళ్లలు కట్టవచ్చు. మందు లేకుండా కేవలం పరీక్షలతో ఏండ్ల తరబడి గమనించుట కూడా వైద్యమే. మందు ఇవ్వలేదని డాక్టరును మార్చవద్దు.

మైలాయిడ్ రకానికి కారణం స్పష్టంగా తెలిసినది. కణంలోని 9వ, 22వ క్రోమోజోములు ముక్కలు మార్చుకొనుట వలన వచ్చును. ఆ గుర్తును 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో కనుగొన్నారు. నేడు బి.సి.ఆర్.-ఎ.బి.ఎల్. అను పరీక్షతో రక్తంలోనే పట్టుకొందురు. ఇది పిల్లలకు సంక్రమించదు, కలిసి తింటే అంటదు. అట్టి ఇంటి పాలు పోయించుకొనుటకు ఏ సంఘమూ వెనుకాడరాదు.

దీనికి ఇమాటినిబ్ అను మాత్ర 2001లో అమెరికాలో అనుమతి పొందినది. మన దేశంలో విదేశీ కంపెనీ మాత్రకు నెలకు లక్ష రూపాయలు దాటేది. హైదరాబాదులోని నాట్కో 2003లో వీనాట్ పేరుతో ఇదే మందు తెచ్చినది. దేశీయ మందు ధర అందులో పదో వంతు లోపే. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు విదేశీ కంపెనీ పేటెంటు కోరికను తిరస్కరించుటతో ఈ దారి మూసుకుపోలేదు. తొలి దశలోనే మందు మొదలుపెట్టిన వారిని గమనించిన ఒక పెద్ద పరిశీలనలో పదేండ్లకు నూటికి 83 మంది జీవించి ఉన్నారు.

చిక్కు ఎక్కడనగా, కొద్ది వారాలకే అంకె మామూలుకు వచ్చును. నయమైనదని మాత్ర మానివేయుదురు. పొదుగువాపు సూదులు సగంలో ఆపినవారికి ఏమగునో చెప్పనక్కరలేదు. నెలకు మూడు నాలుగు మాత్రలు తప్పినా ఫలితం తగ్గునని తేలినది. అన్నం తిన్న తర్వాత పెద్ద గ్లాసు నీళ్లతో రోజూ వేసుకొనవలెను. కళ్ల చుట్టూ వాపు, కాళ్ల తిమ్మిర్లు వస్తే డాక్టరుకు చెప్పవలెను గాని మానరాదు. ఆడవారు ఈ మందు మీద ఉండగా గర్భం రాకుండా చూసుకొనవలెను. భస్మాలు, పసర్లు దీనితో కలపవద్దు.

హైదరాబాదులో రెడ్ హిల్స్ లోని ఎం.ఎన్.జె. దవాఖాన, పంజాగుట్టలోని నిమ్స్ కలవు. పాత కాగితాలన్నీ తేదీల వరుసన పెట్టి, ఆరోగ్యశ్రీ కార్డు వెంట తీసుకొని పోవలెను. ఏ పరీక్షకు, ఏ మందుకు అది వర్తించునో అక్కడి ఆరోగ్యమిత్రను అడుగవలెను. అట్టి సభ్యుల పాల బిల్లు మాత్రం ఒక్క రోజు కూడా నిలుపకుండునట్లు కార్యదర్శులు చూడవలెను.