గాజుతొట్టిలో చేపలు, కప్పలు

చెరువులో చేప, కప్ప కలిసి తిరుగుట చూచిన పిల్లలు ఇంట గాజుతొట్టిలో కూడ రెండింటిని పెంచుదమని అడుగుట సహజము. కాని చెరువులో చేప పారిపోవుటకు చోటు కలదు. రెండడుగుల తొట్టిలో లేదు. కనుక ఏ కప్ప, ఏ చేప అన్నది తేల్చుకొనిన పిదపనే తొట్టి కొనవలెను.

మన పొలముల కప్పను పట్టి తెచ్చి తొట్టిలో వేయకుడు. దానికి నీటితోబాటు గట్టు కావలెను, కదలాడు పురుగు కావలెను. బోదురుకప్ప అయినచో నోట పట్టిన చేపనెల్ల మ్రింగివేయును. వరిచేలో పురుగులను తినుచు మనకు మేలు చేయు జీవి అది. కప్పకాళ్ల ఎగుమతిని మన ప్రభుత్వము 1987లోనే నిషేధించినది.

తొట్టికి తగినది ఆఫ్రికా మరుగుజ్జు కప్ప. పెరిగిన పిదప కూడ సుమారు 4 సెంటీమీటర్లు మించదు. జీవితమంతయు నీటిలోనే గడపును, ఊపిరికి మాత్రము పైకి వచ్చిపోవును. దీనిని పోలినదే గోళ్లకప్ప. పిల్లగా ఉన్నపుడు రెండును ఒకటిగానే కనిపించును. ముందుకాళ్లను పరీక్షించుడు. మరుగుజ్జు కప్పకు నాలుగు కాళ్లకును వ్రేళ్ల నడుమ పొర ఉండును; గోళ్లకప్పకు ముందు వ్రేళ్లు విడివిడిగా ఉండును, కన్నులు తలపైకి ఉండును. ఇది 10 సెంటీమీటర్లు దాటి పెరిగి తొట్టిలోని చేపలను తినివేయును. 1930ల నుండి కొంతకాలము గర్భపరీక్షలకు వాడినదియు, జాన్ గర్డన్ పండితునికి 2012లో నోబెల్ బహుమానము తెచ్చిన పరిశోధనకు ఆధారమైనదియు ఈ కప్పయే. ప్రయోగశాలలో దానికి గొప్ప పేరు. చేపల తొట్టిలో మాత్రము చోటీయకుడు.

60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టి చాలును. 25 సెంటీమీటర్ల ఎత్తున నీరు నింపినచో 45 లీటర్లు పట్టును. గాజు, ఇసుక కలిపి బరువు అంతకు మించును గనుక గట్టి బల్లపై, ఎండ తగులని చోట ఉంచుడు. ఇంతకంటె మిక్కిలి లోతు వలదు, చిన్నకప్ప పైకి వచ్చుటకు అలసిపోవును. మూత తప్పనిసరి. గొట్టము దూరు సందు నుండి కూడ కప్ప బయటపడి, తెల్లవారుసరికి ఎండి చచ్చును. అడుగున మెత్తని ఇసుక పరచి, దాగుటకు పగిలిన కుండపెంకు బోర్లించుడు. నీరు వడకట్టుటకు స్పంజి ఫిల్టరు మేలు.

నేను మొదటి తొట్టి నింపిన మరునాడే గప్పీ చేపలను వేసితిని. వారము తిరుగకమునుపే సగము చచ్చినవి. నీరు అద్దమువలె తేటగానే ఉన్నది! చేపల విసర్జనము నుండి పుట్టిన అమోనియాయే వాటిని చంపినది. పొలములో వేసిన యూరియా అమోనియాగా, పిదప నైట్రైటుగా, నైట్రేటుగా మారుట మీరెరుగుదురు. తొట్టిలో కూడ ఆ పనిచేయు సూక్ష్మజీవులు స్పంజిలో, ఇసుకలో పెరుగవలెను. ఇందుకు సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును. అంతవరకు చేపలు లేకుండ, దినమునకు చిటికెడు మేత మాత్రము వేయుచుండుడు. పరీక్షలో అమోనియా, నైట్రైటు రెండును సున్నా వచ్చిన పిదపనే జీవులను వదలుడు. అటుపై వారమున కొకసారి నాల్గవవంతు నీరు మార్చవలెను. స్పంజిని కుళాయి క్రింద కడుగక, తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండుడు.

కుళాయినీటిని వెడల్పు పాత్రలో ఒక దినము నిలువ ఉంచినచో క్లోరిను పోవును. నీటివేడి 24 నుండి 27 డిగ్రీల నడుమ ఉండుట మంచిది. మన వేసవిలో ఇది కష్టమే. తొట్టిని చల్లని గదికి మార్చి, నీటిపై ఫ్యాను గాలి తగులనిండు. ఐసుముక్కలు వేయకుడు.

చేపలలో గప్పీ, నియాన్ టెట్రా తగినవి. పై తొట్టికి రెండు మూడు కప్పలు, ఆరేడు చిన్నచేపలు చాలును. గప్పీలలో మగవానినే తెచ్చుకొనుడు, లేనిచో నెలలలో తొట్టి నిండిపోవును. బంగారుచేప, ఏంజెల్ చేప పనికిరావు.

ఇక అసలు చిక్కు మేత. ఈ కప్పకు చూపు మందము, నాలుక లేదు. వాసన పట్టి వెదకి తినును. అది మేత చేరులోపల చేపలు ఊడ్చివేయును. చేపలు పుష్టిగా ఉండగనే కప్ప ఆకలితో చిక్కిపోవుట తరచుగా జరుగునది ఇందువలననే. సాయంకాలము తొట్టి ఒక కొసన చేపలకు మేత వేసి, అవి అక్కడ మూగినపుడు రెండవ కొసన చిన్న మట్టిమూతలో కప్పకు ఎర్రపురుగులను పొడవైన గొట్టముతో దింపుడు. కప్ప తినునంతవరకు కనిపెట్టి చూడుడు.

పురుగుమందు చల్లిన చేతులతో తొట్టి ముట్టకుడు. దోమలమందు ఆ గదిలో కొట్టకుడు. రాగి కలిసిన చేపమందులు కప్పకు విషము. తొట్టి ముట్టిన పిల్లలచేత సబ్బుతో చేతులు కడిగించుడు. అమెరికాలో 2009 నుండి 2011 వరకు ఈ కప్పల మూలముగా పిల్లలకు సాల్మొనెల్లా జబ్బు వ్యాపించినది.

విసుగు పుట్టినను వీనిని చెరువులో, కాలువలో వదలకుడు. కప్పల చర్మమునకు పట్టు కైట్రిడ్ అను బూజురోగము ఇట్టి పెంపుడు కప్పల వెంటనే దేశదేశములకు ప్రాకినది. మార్చిన నీటిని సయితము కాలువలో కలుపక, పెరటిలోని వంగ, బెండ పాదులకు పోయుడు.