రంగము చీటి

ఉద్దానపు ముసలమ్మల నోట రంగూను రంగూను కాదు, "రంగము". బారువ, కళింగపట్టణము రేవులలో పొగయోడ యెక్కి మగవాడు పోయెడివాడు. ఇల్లాలు కొబ్బరితోటలో మిగిలెడిది. వలసపోయిన తెలుగువారిలో స్త్రీలు మిక్కిలి తక్కువ. అయినను అప్పటికి అడ్డు సముద్రమొక్కటే. ఓడకూలి కూడినచో భర్తను చేరవచ్చును.

1937లో బర్మా వేరుపడినది. 1941 నాటి ఒడంబడిక వలసకు అనుమతి చీటీలు విధించగా గాంధీజీ దానిని ఖండించిరి. 1947 నాటి బర్మా శాసనముతో చీటియో, వీసాగల పాస్‌పోర్టో లేనిదే ప్రవేశము లేకపోయినది.

అక్షరము రాని ఇల్లాలు దరఖాస్తు ఎవరిచేత వ్రాయించుకొనవలెను? పెండ్లికి పందిరియు ఊరును సాక్ష్యములు గాని, కాగితమెక్కడిది? కాదన్న జాబు వచ్చినచో ఒకనాడు ఏడ్చి ఊరకుండవచ్చును. ఏ జాబును రాకుండుటయే, నా మట్టుకు, అంతకన్న క్రూరము. టపావాడు వీధి మలుపు తిరుగువరకు గుమ్మములో నిలిచి, మరల పొయ్యికడకు పోవలెను, రేపును అంతే.

1964లో అక్కడి దుకాణములు జాతీయము కాగా వేలకొలది తెలుగువారు విశాఖలో దిగిరి. చీటి రాని ఇల్లాండ్రు కొందరికి భర్తలే వచ్చిరి. మరికొందరు అక్కడి స్త్రీలను పెండ్లాడియుండిరి. ఆ బర్మా ఇల్లాలు ఇటు రావలెనన్న మరల కాగితములే.