బల్ల మీద కథ, వెనకాల సంగీతం: అపోహలు – వాస్తవాలు

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ను తెచ్చినప్పుడు ఆట పెట్టెలో ప్రధానంగా ఉన్నవి మూడు చిన్న పుస్తకాలు. మిగతాదంతా మాటల మీదే నడిచేది. కథ నడిపే డంజన్ మాస్టర్ (డీఎం) చెబుతారు, ఆటగాళ్లు ఊహించుకుంటారు, ఎటూ తేలనిది పాచిక తేలుస్తుంది. ఇప్పుడు చాలా బల్లల దగ్గర ఆ మాటల వెనక సంగీతం కూడా చేరింది. దానితోపాటు కొన్ని అపోహలూ చేరాయి.

అపోహ: యుద్ధం వచ్చిందంటే వాల్యూమ్ పెంచాల్సిందే.

వాస్తవం: చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లోంబార్డ్ 1911లో వెల్లడించిన ఈ సంగతిని ఆయన పేరుతోనే ‘లోంబార్డ్ ప్రభావం’ అంటారు. సంగీతం పెంచితే ఆటగాళ్లు అరుస్తారు, అరుపుల్లో సంగీతం వినపడక డీఎం మళ్లీ పెంచుతారు. చివరికి ఊరేగింపులో బ్యాండుమేళం పక్కన నిలబడి కబుర్లాడినట్టవుతుంది. స్పీకర్‌ను బల్ల మీద కాకుండా గది మూలన పెట్టండి. డీఎం మామూలు గొంతుతో అన్న మాట బల్ల ఆ చివరివాళ్లకు ఒక్కసారికే అందితే వాల్యూమ్ సరిపోయినట్టు.

అపోహ: అందరికీ తెలిసిన సినిమా సంగీతమైతే వెంటనే మూడ్ వస్తుంది.

వాస్తవం: మూడ్ వస్తుంది, కానీ అది ఆ సినిమాది. కీరవాణి ‘బాహుబలి’ సంగీతం మొదలైతే ఆటగాళ్లకు కనిపించేది మీరు వర్ణిస్తున్న కోట కాదు, మాహిష్మతి. పాటలో మాటలుంటే ఇబ్బంది రెట్టింపు. అంకెల వరుసను గుర్తుపెట్టుకోమన్న ప్రయోగాల్లో వాద్యసంగీతం కన్నా గాత్రమే ఎక్కువ అడ్డుపడిందని 1989లో సలామే, బాడ్లీ అనే మనస్తత్వవేత్తలు చూపారు. మాటలతో నడిచే ఆటకు మాటల్లేని సంగీతమే మేలు.

అపోహ: ఫ్యాంటసీ అంటే మధ్యయుగాల యూరప్ సంగీతమే ఉండాలి.

వాస్తవం: ఫ్యాంటసీ సినిమాల్లో వినిపించే భారీ ఆర్కెస్ట్రా అసలు మధ్యయుగాలదే కాదు. ఆ ఆర్కెస్ట్రాతో పాత్రకో బాణీ కట్టే పద్ధతి 19వ శతాబ్దపు ఒపేరాల్లో, ముఖ్యంగా జర్మన్ స్వరకర్త వాగ్నర్ చేతిలో పండింది. ఆయన ‘రింగ్’ నాలుగు భాగాలూ కలిపి తొలిసారి ప్రదర్శించింది 1876లో. ఆటలోని లోకాలు కూడా ఇప్పుడు యూరప్ దాటాయి. 2022లో వచ్చిన ‘జర్నీస్ త్రూ ద రేడియంట్ సిటాడెల్’ అనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుస్తకంలో మిమీ మండల్ రాసిన సాహసానికి నేపథ్యమైన శంఖభూమి బెంగాల్ ఛాయల్లో పుట్టింది. అక్కడ ఐరిష్ ఫిడేలు కన్నా బెంగాలీ జానపద తంత్రీవాద్యం దోతారా నప్పుతుంది. మీ కథలో కొండ మీద జాతర ఉంటే డప్పే మోగించండి.

అపోహ: ప్రతి సన్నివేశానికీ విడిగా ఓ ట్రాక్ కావాలి.

వాస్తవం: కథలో ఒక రౌండు పోరాటం 6 సెకన్లే. బల్ల దగ్గర మాత్రం అది పావుగంట పట్టొచ్చు. నాలుగు రౌండ్లకు గంట గడిస్తే, 3 నిమిషాల యుద్ధ ట్రాక్ 20 సార్లు తిరుగుతుంది. ఐదోసారికే విసుగొస్తుంది. పెద్దగా ఎగుడుదిగుళ్లు లేని పొడవాటి ధ్వనులు ఇక్కడ పనికొస్తాయి: వాన, సత్రంలో సందడి, గుహలో నీటిచుక్కలు. ‘టేబుల్‌టాప్ ఆడియో’ వెబ్‌సైట్‌లో దొరికేవి ఇలాంటి 10 నిమిషాల ట్రాకులే. ప్రయాణం, ఊరు, భయం, పోరు అని నాలుగు ప్లేలిస్టులు చాలు. నలభై పెట్టుకుంటే డీఎం ఫోన్‌లో వెతుకుతూ కూర్చుంటారు, ఆటగాళ్లు పకోడీల వైపు తిరుగుతారు.

అపోహ: సంగీతం ఆగితే ఆట చప్పబడుతుంది.

వాస్తవం: ఆపడం తెలిసినవాళ్ల చేతిలోనే సంగీతం పనిచేస్తుంది. ‘కర్స్ ఆఫ్ స్ట్రాడ్’ (2016) సాహసం మొదట్లో పొగమంచు మధ్య బరోవియా అనే లోయకు దారితీసే ఇనుప గేట్లు ఎదురవుతాయి. పక్కన తలలు తెగిన రాతి కాపలాదారులు. పావుగంటగా గదిలో సన్నటి గాలి హోరు వినిపిస్తూ ఉందనుకోండి. గేట్లు వాటంతటవే తెరుచుకున్నాయి, అందరూ దాటారు, వెనక మూసుకున్నాయి. సరిగ్గా అప్పుడు ఆ హోరు ఆపేయండి. ఎవరి చేతిలోంచో జారిన పాచిక చప్పుడుకే ఉలిక్కిపడతారు.

మన బుర్రకథలో ఈ లెక్క ఎప్పటినుంచో ఉంది. కథకుడు వచనం అందుకుంటే గుమ్మెటలు వెనక్కి తగ్గుతాయి, వీరరసం వచ్చినప్పుడే ఉరుముతాయి.

ఈసారి ఆట ముగిశాక మీవాళ్లను ఓ మాట అడగండి: గేటు దగ్గర ఏం జరిగింది, అప్పుడు ఏ ట్రాక్ వేశాను? మొదటిది పూసగుచ్చినట్టు చెప్పి, రెండోదానికి తెల్లమొహం వేస్తే మీ ఎంపిక సరైనదే.