కేక్‌కి కావలసింది ఏ గుమ్మడి?

సినిమా వాళ్ళు కొబ్బరికాయ కొట్టి మొదలెడతారు, గుమ్మడికాయ కొట్టి ముగిస్తారు. అది బూడిద గుమ్మడి. దాంతో కేక్ చేయబోయారో, మొదటి ఆటకే ఫట్! మన హీరో ఎర్రగా పండిన తియ్యగుమ్మడి. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో అరకిలో ముక్క కోయించుకోండి, చాలు.

గింజలు, పీచు తీసి, తొక్కతోనే ఇడ్లీ పాత్రలో ఆవిరి పట్టండి. మెత్తబడ్డాక గుజ్జు గీకి, చుక్క నీళ్ళు పోయకుండా మిక్సీలో తిప్పండి. ఇప్పుడొస్తాడు విలన్... నీరు! పల్చటి గుడ్డలో మూటకట్టి గంటసేపు వేలాడదీయాల్సిందే. కిందటి క్రిస్మస్‌కి నేను తొందరపడితే కేక్ కాస్తా హల్వా అయింది. చుట్టాలేమో "హల్వా బావుందండీ" అన్నారు! చెంచా బోర్లించినా జారని గుజ్జయితే ఓకే. ఫ్రిజ్‌లో 3 రోజులుంటుంది.

అన్నట్టు, గింజలు పారేయకండి. కడిగి, ఆరబెట్టి, ఉప్పేసి వేయించితే ఇంటర్వెల్‌కి పనికొస్తాయి.