లాభముల ప్రకటనకు ముందటి మౌనము

మన పెద్దలు మిగుల్చుకొన్న నాలుగు రాళ్లను పోపులపెట్టెలో దాచుకొనెడివారు. నేడు ఆ సొమ్మే కంపెనీల వాటాలలోనికిని, మ్యూచువల్ ఫండులలోనికిని పోవుచున్నది. సొమ్ము మనది, లెక్క వ్రాయు చేయి వేరొకరిది. కావున ఆ లెక్క యెప్పుడు, ఏ తీరున వెల్లడి యగునో గృహిణు లెరిగి యుండుట మేలు.

విశాఖపట్టణమున సీతమ్మధార చెంత డ్రెడ్జింగు కార్పొరేషను ప్రధాన కార్యాలయము గలదు. 1976లో స్థాపింపబడిన యీ సంస్థ రేవుల అడుగున పేరుకొన్న యిసుకను, బురదను తోడి ఓడలకు త్రోవ కల్పించును. 2019లో కేంద్ర ప్రభుత్వము తన వాటాను విశాఖ మొదలగు నాలుగు రేవులకు విక్రయించినది. తక్కిన వాటాలు సంతలో చేతులు మారుచుండును. ఇట్టి సంస్థ దేనికైనను పెద్ద పని యొకటి దొరికినను, ఓడ యొకటి మరమ్మతుకై నెలల తరబడి నిలిచినను లాభము మారును. ఆ వార్త మొదట కార్యాలయములోని వారికే తెలియును. వారు ముందుగనే కొనుటయో అమ్ముటయో చేసిరేని, ఏమియు నెరుగని వారు నష్టపోవుదురు. ఇది ఉదాహరణమే గాని ఆ సంస్థపై నింద కాదు.

ఈ అన్యాయమును మాన్పుటకే సెబీ సంస్థ 2015లో నిబంధనలు చేసినది. మూడు నెలల లెక్క ముగిసినది మొదలు, ఫలితములు ప్రకటించి 48 గంటలు గడచువరకు, లోగుట్టు తెలిసిన ఉద్యోగులు ఆ కంపెనీ వాటాలను కొనరాదు, అమ్మరాదు. త్రైమాసిక ఫలితములను 45 దినములలోను, సంవత్సరపు లెక్కలను 60 దినములలోను వెల్లడింపవలెను. ధరను మార్చగల వార్తను ఒకరి చెవిలో గాక, స్టాకు ఎక్స్ఛేంజి ద్వారా అందరికిని ఒక్కమారే తెలుపవలెను.

ఇందు మనకు ముఖ్యమైన విషయ మొకటి గలదు. ఈ నిషేధము ఉద్యోగితో పోదు, అతని భార్యకును వర్తించును. భోజనమువేళ భర్త నోట జారిన మాటను పట్టుకొని ఇల్లాలు వాటాలు కొన్నచో అదియు నేరమే. ఆ మాటను పుట్టింటివారికి చేరవేయుటయు తప్పే. జరిమానా 25 కోట్ల రూపాయలు గాని, వచ్చిన లాభమునకు మూడు రెట్లు గాని, ఏది యెక్కువయో అంతవరకు విధింపవచ్చును.

అయితే మౌనము వేరు, అబద్ధము వేరు. అందరియెడ సమముగా పాటించిన మౌనము నమ్మకమును పెంచును. తప్పుడు లెక్క దానిని కూల్చును. హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ కథ యిందుకు సాక్ష్యము. 2009 జనవరి 7వ తేదీన దాని అధిపతి రామలింగరాజు లేఖ వ్రాసి, అంతకు ముందటి సెప్టెంబరు లెక్కలలో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనివే యని ఒప్పుకొనెను. ఆ మూడు నెలల లాభము 649 కోట్లని చాటగా, నిజమైనది 61 కోట్లే యట. క్రితము దినము సుమారు 179 రూపాయలున్న వాటా ఆనాటి సాయంకాలమునకు 40 రూపాయలకు దిగజారెను. కూతురి పెండ్లికని, ముసలితనమునకని దాచుకొన్న యెందరి సొమ్మో ఒక్క పూటలో కరగిపోయినది. యజమానులు తాకట్టు పెట్టిన తమ వాటాల వివరములను వెల్లడింపవలెనను నియమము ఆ యేటనే వచ్చినది.

కావున వాటా కొనబోవు సోదరి కొన్ని సంగతులు విచారింపవలెను. ఫలితములు గడువులో వచ్చుచున్నవా? ఆడిటరు నడుమ తప్పుకొనెనా? యజమానుల వాటాలు తాకట్టులో నున్నవా? లాభము హెచ్చుచున్నను బాకీలు వసూలు కాక నిలిచినవా? చెడువార్తను సకాలమున చెప్పిన కంపెనీని తొందరపడి వదలరాదు. నష్టమును దాచనివాడే లాభమును గూర్చియు నిజము పలుకును. “లోపలివారు చెప్పిరి” అని యెవరైన చెవిలో నూదినచో, ఆ మాట నిజమైనచో నేరము, అబద్ధమైనచో నష్టము. రెండు విధముల మన కక్కరలేనిదే.